అమ్మవారి పేర అమ్మకము: భాగ్యరెడ్డివర్మగారి జీవితము

మనుష్యవిక్రయమనగానే మన చదువరులకు రేవుపట్టణములును, తియ్యని మాటల దళారులును, తెల్లవారకమునుపే రైలెక్కింపబడు పడుచులును స్ఫురింతురు. అట్టి వ్యాపారము లేకపోలేదు. కాని తెలంగాణమున తరతరములుగా సాగిన విక్రయము చాటుమాటున జరిగినది కాదు. పట్టపగలు, ఊరి నడుమ, డప్పుల మ్రోతలో, పసుపు కుంకుమలతో, పెద్దమనుష్యుల యెదుటనే జరిగినది. కొనువాడు దొంగ కాడు, ఊరికి పెద్ద. ఇచ్చువాడు దుర్మార్గుడు కాడు, అప్పులలో మునిగిన తండ్రి. నడుమ వినబడు పేరు మాత్రము ఎవ్వరును ఎదురాడజాలని పేరు. అది అమ్మవారి పేరు. భక్తియను ముసుగు క్రింద నడచుచున్న ఈ బేరమును బేరముగానే గుర్తించి, దానిని మాన్పుటకు తన జనమునే కూడగట్టిన మహనీయులలో శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారు అగ్రగణ్యులు. ఆంధ్రదేశమున వారి పేరెరుగనివారు తక్కువ. వారిని ఆది హిందూ నాయకులుగా, సభాధ్యక్షులుగా మనము స్మరింతుము. ఆడుపిల్లల విషయమున వారు చేసిన పనిని మాత్రము ఒక్క వాక్యముతో సరిపుచ్చి ముందునకు సాగుట మన వాడుకయైపోయినది.

ఆ పని యేమో తెలియవలెనన్నచో హైదరాబాదు నగరమును విడిచి, ఒకసారి రాజ్యపు అంచులకు పోవలసియున్నది. నేటి కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవిన్యూ విభాగమున డోంగ్లి యను గ్రామము గలదు. 2022లో అది మండలకేంద్రమైనది. 2016 వరకు ఆ ప్రాంతమంతయు నిజామాబాదు జిల్లాలోనిదే. ప్రక్కనే మహారాష్ట్రము, కొంత దక్షిణమునకు పోయిన కర్ణాటకము. ఆ సీమ సంతలలో తెలుగుతోపాటు మరాఠీయు, కన్నడమును చెవిని పడును. 1948 వరకు ఈ మూడు భాషల నేలయు నిజాముగారి యేలుబడిలోనే యుండెను. ఒకే అన్యాయమునకు ఇచ్చట మూడు పేళ్లేర్పడుటలో వింత లేదు. తెలుగుపల్లెలలో ఆమె జోగిని. మరాఠీసీమలో ఖండోబా పేర విడువబడినది ముర్లీ. కన్నడమున బసివి, దేవదాసి. సరిహద్దు దాటగానే పేరు మారెడిదే కాని పిల్ల గతి మారెడిది కాదు. ఈ ఆచారమునకు నిజామాబాదు జిల్లా పేరుపడినదగుటచే, డోంగ్లి వంటి ఊళ్ల చుట్టు ఈ కథ తిరుగుట సహజము.

ఆచారము నడచు తీరు ఇట్టిది. ఊరిలో మశూచి సోకును, లేదా వానలు తప్పును, లేదా ఇంట వరుసగా బిడ్డలు పోవుదురు. ఎల్లమ్మకో పోచమ్మకో కోపము వచ్చినదని పెద్దలు తేల్తురు. ఆ కోపము చల్లారుటకు ఒక పిల్లను విడువవలెను. ఏ పిల్లను? కరణము కూతురును గాదు, పటేలు మనుమరాలిని గాదు. మాలవాడలోనో మాదిగవాడలోనో ఒక పేద యింటి పిల్లను. అమ్మవారు ఇన్ని తరములలో ఒక్కనాడైనను పెద్దయింటి బిడ్డను కోరకపోవుట మన పండితుల కెవరికిని అనుమానము కలిగింపలేదు! ఊహ తెలియని యేట దేవత పేర ఆమెకు తాళి కట్టుదురు. ఈడు వచ్చిన పిదప ఊరిలో బలముగలవానికి మొదటి హక్కు. అటుపిమ్మట ఆమె ఊరుమ్మడి సొత్తు. జాతరలో ఆడవలెను. దొర చనిపోయిన పాడె ముందు ఆడవలెను. ఆమె బిడ్డలకు తండ్రి పేరు లేదు, తండ్రి భూమిలో పాలు లేదు. వయసుడిగిన పిమ్మట జోలె పట్టుటయే జీవనము.

రేవుపట్టణపు దళారి ఈ కథలో ప్రవేశించునది ఇచ్చటనే. ఇంటివారు తమది కాదనుకొన్న పిల్ల, మగని అండ లేని పిల్ల, మాయమైనను అడుగువారు లేని పిల్ల అతనికి సిద్ధముగా దొరకును. అతడు చేయవలసిన పనియంతయు ఊరే చేసిపెట్టినది. బండి తెచ్చిన చాలును. బొంబాయిలో వేశ్యావాటికగా పేరుమోసిన కామాఠిపురము తన పేరును నిజాం రాజ్యమునుండి మట్టిపనికి, కట్టడపు పనికి వలసపోయిన కామాఠీ కూలీలనుండి పొందినది. మన తెలుగు కూలివాని కష్టమునకు గుర్తుగా నిలువవలసిన పేరు అట్లు ఆడుదాని అమ్మకమునకు పర్యాయపదమగుట తలచుకొనిన సిగ్గగును.

కోస్తా ఆంధ్రమున అప్పటికే సంస్కర్తలు మేల్కొనియుండిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారును, తరువాత రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును సానిమేళములను నిరసించిరి. పెండ్లిపందిళ్లలోనికి భోగమువారిని పిలువవద్దని పెద్దమనుష్యులను వేడిరి. అది ధీరకృత్యమే. అయితే ఆ మందు జోగినికి పనిచేయదు. భోగపు స్త్రీకి విద్య గలదు, సంగీతము గలదు. కొందరికి మాన్యములును గలవు. పిలుపు మానిన ఆమెకు నష్టము. ఆ నష్టముచే వృత్తి మారవచ్చునని సంస్కర్తల ఆశ. జోగినికి మానుటకు ఏ పిలుపున్నది? ఆమెను వెలివేయుట కూడ కొత్త శిక్ష కాదు. పుట్టుకతోనే ఆమె వెలిలో నున్నది. కావున వెలివేయు ఉద్యమము కాక, చేర్చుకొను ఉద్యమము కావలసివచ్చెను. అది బయటినుండి వచ్చునది కాదు. పిల్ల నియ్యుమని ఎవరిని ఊరు బలవంతపెట్టుచుండెనో, వారే ఇయ్యమని నిలువవలెను. వర్మగారి జీవితమునకంతకును ఇదియే సూత్రమని మా తలంపు.

వారు 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో మాల కుటుంబమున జన్మించిరి. తల్లిదండ్రులు రంగమాంబ, వెంకయ్యగారలు. పెట్టిన పేరు భాగయ్య. ఆ యింటి గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చెనట. ఈ జనము ఒకనాడు నేలనేలినవారనియు, రెడ్డి యను మాట రేడు అను దానినుండి పుట్టినదనియు ఆ గురువు వాదము. ఆ వ్యుత్పత్తి చెల్లునా చెల్లదా యని శాబ్దికులు తేల్చుకొందురుగాక. ఒక మాలబాలుడు తన పేరు తాను పలుకునపుడెల్ల తలయెత్తుకొనుట నేర్చెనన్నదే మనకు ముఖ్యము. యౌవనమున వారు డాస్ శాంటోస్ అను బారిష్టరుగారి యింట పనికి కుదిరి, అచ్చటనే చదువుమీద ఆసక్తి పెంచుకొనిరి. విశ్వవిద్యాలయముల పట్టములు లేవు. పుస్తకములును, మనుష్యులును వారి పాఠశాలలు.

పదునెనిమిదేండ్ల వయస్సున, 1906లో, వారు జగన్మిత్రమండలిని నెలకొల్పిరి. మండలి తొలిపని ఉపన్యాసములు కావు, హరికథలు, భజనలు. ఇందులో గొప్ప లోకజ్ఞానము గలదు. అక్షరములు రాని వాడలోనికి కరపత్రము పోదు. ఎల్లమ్మ కథను జమిడిక మీద పాడు బైండ్లవాని పాట పోవును. పాటచే నిలిచిన నమ్మకమును పాటచేతనే కదిలింపవలెను. వాడలో రాత్రి దీపము పెట్టి, కథకుని చుట్టు ఆబాలవృద్ధము కూర్చున్నచోట, త్రాగుడు మానుటను గూర్చియు, బాల్యవివాహమును గూర్చియు, దేవత పేర పిల్లను విడుచుటను గూర్చియు మాట్లాడుటకు చోటు దొరకెను.

1911లో మండలి మన్యసంఘమైనది. దానికి ఒక యేడు ముందే, 1910లో, ఇసామియా బజారులోను లింగంపల్లిలోను పాఠశాలలు వెలసినవి. తరువాతి రెండు దశాబ్దములలో ఈ పాఠశాలలు 26 అయినవి. చదువు పిల్లల సంఖ్య 2,500 వరకు పెరిగినది. ప్రభుత్వ విద్య ఉర్దూలో సాగు నగరమున తెలుగులో చదువు చెప్పు ఈ బడులు మాల మాదిగ పిల్లలకు మొదటి అక్షరములు నేర్పినవి. బడికి పోవు పిల్లను అమ్మవారికి విడుచుట కష్టము. ఆమె పేరు ఒక పుస్తకములోనికెక్కినది. రేపు రాకున్న ఎందుకు రాలేదని ఉపాధ్యాయుడు అడుగును. ఆడుపిల్ల నెవరైన నిత్యము అడుగుచుండుటకు మించిన కావలి లేదని ఈనాడు మనుష్యవిక్రయ నిరోధమున పనిచేయువారందరు ఒప్పుకొందురు. ఆ యెరుక వర్మగారికి నూరేండ్లకు మునుపే కలదు.

సంఘమునకు మరియొక ఆయుధము పంచాయతి. వాడవాడను కులపెద్దలుండిరి, పెండ్లి, మారుమనువు, విడాకులు, అప్పుతగవులు వారి చావడిలోనే తేలుచుండెను. వర్మగారు ఈ పెద్దరికమును తుడిచివేయుటకు యత్నింపలేదు. దానినే చేపట్టి, దానికి క్రమమేర్పరచి, నగరమందలి వాడలను ఒక కట్టడికి తెచ్చిరి. పెండ్లిలో వ్యర్థపు ఖర్చు తగ్గించుట, త్రాగుడు మానుట, పిల్లలను జోగినులుగా, ముర్లీలుగా విడువకుండుట ఈ సంస్కారముల పట్టికలోనివి. కోర్టులకు పోలేని పేదకు చావడి తీర్పే శాసనము. పిల్లను విడుచుట కులధర్మమని నిన్నటివరకు చెప్పిన నోరే, నేడది కులమునకు తలవంపులని చెప్పినపుడు తండ్రికి ధైర్యము వచ్చును. ఊరిపెద్ద అడిగినపుడు నేను ఇయ్యననుట కష్టము. మా వాళ్లు ఒప్పుకొనరనుట సులభము. బలహీనునికి ఈ చాటు అత్యవసరమని మనుష్యస్వభావ మెరిగినవా రెవరైన గ్రహింతురు.

1913లో ఆర్యసమాజమువారు వారికి వర్మ బిరుదమొసంగిరి. జీవరక్షా జ్ఞానప్రచారక మండలి పక్షమున వారు జంతుబలికి ప్రతికూలముగా ప్రచారము చేసిరి. ఇది వేరు విషయమని కొందరనుకొందురు. కాదు. జాతరలో దున్నపోతు తల తెగు చోటనే జోగిని ఆడును. రెంటికి పురోహితుడొక్కడే, జమిడిక యొక్కటే. దేవత రక్తమును కోరదని నమ్మినవాడు, దేవత పసిపిల్లను కోరదనియు నమ్మగలడు. ఒక ముడి విప్పిన రెండవది వదులగును.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభ వారి కీర్తిని ఆంధ్రదేశమంతట వ్యాపింపజేసినది. గూడూరు రామచంద్రరావుగారు పూనుకొని మైలవరపు రాజావారి మందిరమున ప్రథమాంధ్రదేశ పంచమ మహాసభను సమకూర్చిరి, అధ్యక్షులు వర్మగారు. సభకు వచ్చినవారు గుడిలో అడుగిడుదురేమో యని కనకదుర్గమ్మ ఆలయపు తలుపులు మూసివేసిరని ప్రసిద్ధి. ఆడుపిల్లను దేవతకు విడుచుటకు అర్హులైన జనము ఆ దేవతను చూచుటకు అర్హులు కాకపోయిరి! సభలో అధ్యక్షులవారు మొదట ఎత్తుకొన్నది సభ పేరే. పంచములను మాట ఏ శాస్త్రమునందును లేదనియు, తమవారు ఈ నేలకు మొదటివారనియు వాదించి, దానిని ఆది ఆంధ్ర మహాజనసభగా మార్చిరి. పదునాలుగేండ్లకు, 1931 జనాభా లెక్కలలో నిజాం ప్రభుత్వము వారి జనమును ఆది హిందువులని వ్రాసికొనుటకు అంగీకరించినది. పేరుకై ఇంత పోరాటమెందుకని పెదవి విరచువారు ఒకసారి బడి దస్తరమెదుట నిలిచిన జోగిని బిడ్డను తలంచుకొందురుగాక. తండ్రి పేరు చెప్పుమన్నపుడు ఆ బిడ్డ తలవంచుకొనును.

1925లో నగరమున ఆది హిందువుల చేతిపనుల ప్రదర్శనము జరిగినది. చేతిలో విద్య యున్న యిల్లు ఋణదాత గడపకు పోవు అవసరము కొంత తగ్గును. ఋణదాత గడపకు పోని యిల్లు పిల్లను విడుచుటకు లొంగదు. 1930లో లక్నోలో జరిగిన నిమ్నజాతుల సభలో వర్మగారు పాల్గొని డాక్టరు అంబేడ్కరుగారికి మద్దతు నిచ్చిరి. 1931లో భాగ్యనగర్ అను పత్రికను స్థాపించిరి. వారు వ్రాసిన వెట్టిమాదిగ యను కథ ఆ పత్రికలోనిదే. జీతబత్తెములు లేక పటేలుకును, దొరకును, అధికారులకును చాకిరిచేయు మనుష్యుని బ్రతుకు దాని వస్తువు.

ఇచ్చట మన భూస్వాములైన చదువరులు కొంచెమాగి యోచింపవలసియున్నది. వెట్టిలో తండ్రి ఒడలు దొరది. జోగినీతనమున బిడ్డ ఒడలు దొరది. ఆ రెండు హక్కులు భూమిహక్కుతోపాటు పుట్టినవే. వాడలోని పేద తండ్రి మూఢత్వమును మనము ఎంతయైన నిందింపవచ్చును; జాతర ఖర్చునకు ధాన్యము కొలిచి యిచ్చినదెవరు? మొదటి హక్కు అనుభవించినదెవరు? వర్మగారు అమ్మువాని చేయి పట్టుకొని ఆపిరి. కొనువాని చేయి పట్టుకొనుటకు వారికి అధికారము లేదు.

వారి యుద్యమమునకు హద్దులున్నమాట దాచవలసినది కాదు. అది ముఖ్యముగా హైదరాబాదు, సికిందరాబాదు వాడలలో వేరూనినది. నగరమున మాలవాడకు దొర లేడు. రైల్వేలో, మిల్లులో, బంగళాలలో కూలి గలదు. కావుననే పంచాయతి మాట నిలిచినది. డోంగ్లి వంటి ఊరిలో కౌలును, కూలియు, అప్పును ఒక్క చేతిలోనే యుండగా, ఇయ్యమన్న వాడ మరునాడు ఏమి తినవలెను? మాదిగ సోదరులలో కొందరు ఆది హిందూ సంస్థలలో తమకు తగిన స్థానము లేదని వేరుపడిరి. మాంసమును, మద్యమును విడిచి పెద్దకులముల ఆచారములను అలవరచుకొనుటయే ఉద్ధరణమా యని అరిగె రామస్వామి, బి.యస్. వెంకట్రావుగారల తరమున తర్కములు పుట్టినవి. ఆ తర్కములు నేటికిని తీరలేదు. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును: జోగినిని తప్పుచేసిన స్త్రీగా గాక, తన జనము కాపాడలేకపోయిన బిడ్డగా చూచుటలో వర్మగారు తమ కాలమునకంటె ముందుండిరి. సంస్కర్తలనేకులు పతితోద్ధరణమను మాట వాడుచున్న దినములవి. పతితులెవరో వర్మగారి పంచాయతికి తెలియును.

1939 ఫిబ్రవరి 18వ తేదీన వారు పరమపదించిరి. అప్పటికి వయస్సు 50 సంవత్సరములు. ఆ యేడే మే నెలలో వేంకటరత్నము నాయుడుగారును గతించిరి. భోగపు వృత్తిని ఎదిరించిన పెద్దయు, జోగినీవ్యవస్థను ఎదిరించిన పెద్దయు మూడు నెలల యెడములో వెడలిపోయిరి.

తరువాతి కథ శాసనముల కథ. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వెలువడినది. దేవతకు సమర్పింపబడిన స్త్రీ కూడ చట్టసమ్మతముగా వివాహమాడవచ్చునని అది స్పష్టపరచినది. ఆ శాసనము నిజాం రాజ్యమునకు వర్తింపలేదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున మనుష్యవిక్రయమును, వెట్టిని ఒక్కచోటనే నిషేధించినది. వెట్టిమాదిగ వ్రాసిన చేతితోనే జోగినీతనమును ఎదిరించిన వర్మగారు ఆ అధికరణమును చదివియుండిన, రెండు పనులు ఒక్క వాక్యములో కలిసినందుకు ఆశ్చర్యపడియుండరు. 1956లో అవినీతి వ్యాపార నిరోధ శాసనము వచ్చినది. జోగినీ, బసివి, మాతమ్మ మొదలగు అన్ని పేళ్లను చేర్చి ఆంధ్రప్రదేశ్ దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము 1988లో గాని రాలేదు. వర్మగారి మరణమునకును దీనికిని నడుమ 49 ఏండ్లు గడచినవి. ఈ 49 ఏండ్లలో విడువబడిన పిల్లలను ఎవరు లెక్కించిరి?

1988 శాసనమునకు ముందువెనుకల దినములలో నిజామాబాదు జిల్లాలో ఈ పనిని భుజమున వేసికొన్నవారు గుర్రము జాషువ కవిగారి కుమార్తె హేమలతా లవణము గారు. జోగినుల యిండ్లకు పోయి, వారితో కూర్చుండి, పెండ్లికి సమ్మతించినవారికి పెండ్లి జరిపించి, బిడ్డల చదువునకు దారి చూపిరి. హేమలతగారు 2008లో కన్నుమూసిరి. ఇది వర్మగారి పంచాయతి పనియే, ఈసారి నగరమున గాక పల్లెలో. 2013లో రఘునాథరావుగారి ఏకసభ్య సంఘము అవిభక్త రాష్ట్రమున ఇట్టి స్త్రీలు సుమారు 80,000 మంది యుండవచ్చునని అంచనా వేసినది.

శాసనమున్నచోట దానిని నడపువారు కావలెను. తాళి కట్టుట రాత్రివేళ, చుట్టములనడుమ, ఒక ముహూర్తములో ముగియును; తహసీలుదారుకు మరునాడు తెలిసిన ప్రయోజనము లేదు. ముందుగా తెలియువారు వాడలోని స్త్రీలే. తెలంగాణమున పలుచోట్ల ఒకప్పుడు విడువబడిన స్త్రీలే నేడు సంఘములుగా చేరి, జాతర దినములకు ముందు ఇంటింటికి తిరుగుచున్నారు. ఏ యింట చిన్నపిల్లకు కొత్త చీరయు, పసుపుతాడును తెచ్చిరో కనిపెట్టి, తల్లితో మాట్లాడి, వినకున్న పోలీసువారికిని, పిల్లల రక్షణకై యేర్పడిన 1098 సంఖ్యకును తెలుపుచున్నారు. మునుపు డప్పుల నడుమ ఆడిన కాళ్లు ఆ యిండ్ల గడపలలో నిలిచి, పిల్లను బడికి పంపువరకు కదలుటలేదు.